ముగ్గురికి నాలుగు సైకిల్ హెల్మెట్లు: తిరుపతిలో నా అనుభవం

2025 జనవరి 26, ఆదివారం. పొద్దున ఎనిమిదిన్నరకి మా తమ్ముడి నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది వాడు కాదు. "మేడమ్, ఈ పిల్లోడు మీకేమవుతాడు? చెరువు కట్ట కాడ పడిపోయుండాడు. మాట్లాడతా ఉండాడు, భయపడబాకండి, బిరీన రండి."

శ్రీనివాస మంగాపురం దాటాక తారురోడ్డు దిగి లోపలికి పోయే మట్టి దారి అది. కట్ట దిగేచోట ముందు చక్రం ఇసుకలో జారింది. సైకిల్ పక్కకి ఒరిగి వాడి పెడతల రాయికి కొట్టుకుంది. తొమ్మిదిన్నరకి ఆసుపత్రిలో చేర్చాం. స్కాన్‌కి పిలిచేసరికి పదకొండున్నర అయింది. ఆ రెండు గంటలూ వాడు "అక్కా, ఇవాళ ఏం వారం?" అని అడిగిందే అడుగుతూ ఉన్నాడు. చెప్పిన ప్రతిసారీ తలూపి, కాసేపటికి మళ్లీ అడిగేవాడు. నా కాళ్లలో సత్తువ లేకుండా పోయింది.

ఒంటిగంటకి రిపోర్టు వచ్చింది. లోపల నెత్తురు గడ్డ లేదు, పుర్రె చిట్లలేదు. మెడకి కాస్త పైన ఐదు కుట్లు వేశారు. రాత్రికి ఉంచి చూసి మర్నాడు పంపిస్తామన్నారు. స్కాను, కుట్లు, గది, మందులు అన్నీ కలిపి 16,400 రూపాయలు. ఆ రాత్రి వార్డు బయట బల్ల మీద కూర్చుని, వీడు మళ్లీ మామూలుగా తిరిగితే కొండకొచ్చి తలనీలాలు ఇచ్చుకుంటానని మొక్కుకున్నాను. ఆ మొక్కు తర్వాత హెల్మెట్ల సంగతిలోకి కూడా వస్తుంది, అందుకే ఇక్కడ చెబుతున్నా.

మర్నాడు పంపించే ముందు డాక్టరు గారు హెల్మెట్ ఉందా అని అడిగారు. దాన్ని చేతిలో తిప్పి చూసి, తమ్ముడి తలకి ఆనించి పట్టుకున్నారు. "చూడండమ్మా, హెల్మెట్ కప్పిన చోట చర్మం కూడా గీరుకోలేదు. కుట్లు పడింది దీని అంచుకి అర అంగుళం కింద." వాడు పెట్టుకున్నది రోడ్డు సైకిళ్లకి వాడే హెల్మెట్. తేలిగ్గా ఉండాలి, గాలి ఆడాలి అని వాటిని వెనక పైదాకా కోసి తయారుచేస్తారు. వాడు తొక్కేదేమో రాళ్లూ ఇసుకా ఉండే మట్టి దారుల్లో. ఒక రకం తొక్కుడికి తయారైన హెల్మెట్ ఇంకో రకానికి ఎక్కడ చాలదో నాకు ఆ అర అంగుళంలో కనబడింది.

ఇంటికొచ్చాక దాని లోపలి ప్యాడ్లు పీకి చూశాను. పైన ప్లాస్టిక్ మీద సన్నటి గీత ఒకటి, అంతే. బజారులో చూస్తే ఎవరైనా బాగానే ఉందనుకుంటారు. లోపల నల్లటి థర్మోకోల్‌లో బొటనవేలు పట్టేంత పల్లం పడింది. అక్కడి నుంచి పక్కనున్న గాలి రంధ్రం దాకా నిలువునా బీటవారింది. పల్లంలో వేలితో నొక్కితే గట్టిగా ఉంది, చుట్టుపక్కల మామూలుగా ఉంది. నలగడమే ఆ థర్మోకోల్ పని. అది నలిగే కొద్ది మిల్లీసెకన్లలో తల వేగం తగ్గుతుంది, దెబ్బలో చాలా భాగం అక్కడే తీరిపోతుంది. ఒకసారి నలిగింది మళ్లీ ఉబ్బదు. అందుకే ఒక్క గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ ఎంత కొత్తదైనా, పైకి ఎంత బాగున్నా ఇక పనికిరాదు. చెత్తబండికి వేసే ముందు తమ్ముడు కత్తెర తీసుకుని దాని పట్టీలు రెండూ కత్తిరించేశాడు. వీధిలో ఏ పిల్లోడో ఏరుకుని తలకి పెట్టుకోకుండా ఆ పని అందరూ చేయాలి.

ఇంట్లో ఎవరెవరం ఎట్లా తొక్కుతామో చెప్పాలి. నేను బైరాగిపట్టెడ నుంచి ఆఫీసుకి రోజూ సైకిల్ మీదే పోతాను. బస్టాండు చుట్టూ ఆటోలూ యాత్రికుల జీపులూ ఉంటాయి, వేగం పదిహేను దాటదు. ఆదివారాలు వంపు హ్యాండిల్ ఉన్న రోడ్డు సైకిల్ మీద రేణిగుంట, శ్రీకాళహస్తి వైపో, భాకరాపేట ఘాట్ వైపో పోతాను. ఎప్పటికైనా 200 కిలోమీటర్ల బీఆర్‌ఎం, అంటే గడువులోపల ముగించాల్సిన దూరపు సైకిల్ రైడ్, పూర్తి చేయాలని కోరిక. పదమూడున్నర గంటల్లో ముగించాలి, మన దేశంలో ఆ రైడ్లకి హెల్మెట్ లేనిదే రానివ్వరు. తమ్ముడిది లావు టైర్ల సైకిల్, వాడికి మట్టే కావాలి. మా అబ్బాయికి ఎనిమిదేళ్లు, వాడిది వీధిలో చక్కర్లు.

నాన్నకి ఈ ఖర్చు నచ్చలేదు. "మా కాలంలో సైకిల్‌కి హెల్మెట్ యాడుండింది? ఆ ఫ్రాన్సు రేసుల పాత ఫొటోలు చూడు, వాళ్లు కూడా గుడ్డ టోపీలే పెట్టుకునుండారు" అన్నాడు. కుట్లతో పడుకున్న తమ్ముడే జవాబు చెప్పాడు. 2003 మార్చిలో పారిస్–నీస్ రేసులో ఆండ్రీ కివిలెవ్ అనే కజకిస్తాన్ రైడర్ హెల్మెట్ లేకుండా పడి, మర్నాడు ప్రాణం వదిలాడు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఆ ఏడాదే పెద్ద రేసుల్లో హెల్మెట్ తప్పనిసరి చేసింది. నాన్న ఇంకేమీ అనలేదు.

ఫిబ్రవరి మొదటి వారమంతా సాయంత్రాలు ఊళ్లో షాపులు తిరిగాను. సైకిళ్లు అమ్మేచోట హెల్మెట్లు దొరకడమే తక్కువ. ఉన్నవి పిల్లల స్కేటింగ్ టోపీలు, లేదంటే 450 రూపాయల హెల్మెట్లు. వాటిలోపల ఎంత వెతికినా ఏ స్టిక్కరూ లేదు. ఒక షాపాయన మోటారు సైకిల్ హెల్మెట్ తీసి ముందు పెట్టాడు. "ఐఎస్‌ఐ ఉండాది మేడమ్, దీన్ని మించింది ఏముండాది?" ఆయన మంచి మనసుతోనే చెప్పాడు. కానీ ఆ ఐఎస్ 4151 ముద్ర మోటారు బండ్ల వాళ్ల కోసం. కిలో పైచిలుకు బరువు, చెవులు మూసేస్తుంది, గాలి ఆడదు. పెడల్ తొక్కుతూ చెమటోడ్చే మనిషి తిరుపతి ఎండలో దాంతో అరగంట కూడా నిలవలేదు. పోలీసులు హెల్మెట్ అడిగే మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ కూడా మోటారు సైకిళ్లకే, మన సైకిల్‌ని ఎవరూ ఆపి అడగరు. ఊళ్లో సరుకు లేకపోవడానికి అదే కారణమని నాకనిపిస్తుంది. అడిగేవాళ్లు లేనప్పుడు షాపులో ఎందుకు పెట్టుకుంటారు?

సైకిల్ హెల్మెట్ లోపల చూడాల్సిన ముద్రలు వేరే. యూరప్‌దయితే ఈఎన్ 1078 అని ఉంటుంది, అమెరికాదయితే సీపీఎస్‌సీ అని ఉంటుంది. డబ్బా మీద ఉత్త సీఈ అని రెండక్షరాలు ఉంటే నేను లెక్కలోకి తీసుకోను, పక్కన 1078 అంకె కనబడాలి. ఆ పరీక్ష ఏమిటని చదివాను. హెల్మెట్ తొడిగిన తలబొమ్మని గంటకి సుమారు 19.5 కిలోమీటర్ల వేగంతో చదునైన ఇనుప దిమ్మె మీద పడేలా జారవిడుస్తారు. ఇంచుమించు ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి తల నేరుగా నేలకి తగిలినట్టు. తలబొమ్మకి తగిలే అదురు 250 జీ, అంటే భూమి ఆకర్షణకి 250 రెట్లు, దాటకూడదు. అమెరికా పరీక్షలో 2 మీటర్ల ఎత్తు, 300 జీ హద్దు. సైకిల్ మీద నుంచి కిందపడే తలకి సరిపోయే లెక్కే అది, కారు గుద్దితే లెక్క వేరు. ఘాట్ దిగేటప్పుడు నా మీటరు 45 చూపిస్తుంది. 19.5 అన్న అంకె చదివిన రోజు నుంచి మలుపుకి ముందే బ్రేకు పట్టుకుంటున్నా.

తర్వాత ఆన్‌లైన్. టైలరు టేపుతో కనుబొమలకి రెండువేళ్ల పైన, వెనక తల బాగా ఉబ్బిన చోటు మీదుగా చుట్టు కొలిస్తే 56.5 సెంటీమీటర్లు వచ్చింది. 55 నుంచి 59 అని రాసున్న ఎం సైజు రోడ్డు హెల్మెట్ 1,899 రూపాయలకి ఆర్డరు పెట్టాను. ఆరో రోజు వచ్చింది. కొలత ప్రకారం సరిపోవాలి. పెట్టుకుంటే నుదురు మధ్యలో, వెనకా గట్టిగా పట్టేస్తోంది, కణతల దగ్గరేమో వేలు దూరేంత సందు. కొలత ఒకటే అయినా తలల ఆకారం ఒకటి కాదు. నాది ముందూవెనకా పొడుగు తల, ఆ హెల్మెట్ లోపల గుండ్రం. ఇంట్లోనే అరగంట పెట్టుకుని వంటపని చేశాను. తీసేసరికి నుదుటి మీద ఎర్రటి గీత, పావుగంటైనా పోలేదు. నాలుగు గంటలు రోడ్డు మీద ఉంటే అది తలనొప్పి అవుతుంది. పైగా లోపల 1078 స్టిక్కరే లేదు, ఫొటోలో మాత్రం ఉంది. వెనక్కి పంపించాను. తీసుకెళ్లే మనిషి రావడానికి నాలుగు రోజులు, డబ్బు బ్యాంకులో పడటానికి ఇంకో పన్నెండు రోజులు పట్టింది. కొత్తది కొనేదాకా ఆఫీసుకి ఆటోలో పోయాను. హెల్మెట్ లేకుండా సైకిలెక్కడానికి ఆ రోజుల్లో మనసు ఒప్పలేదు. ఆటో ఖర్చు వెయ్యి దాటింది.

ఫిబ్రవరి 23, ఆదివారం. తమ్ముడికి కుట్లు విప్పి, గాయం ఆరి, హెల్మెట్ పెట్టి చూసుకోవచ్చని డాక్టరు అన్నాక ముగ్గురం చెన్నై పోయాం. ఐదున్నర బస్సు, పుత్తూరు మీదుగా నాలుగు గంటలు. టికెట్లూ తిండీ రానూపోనూ కలిపి 1,900. హెల్మెట్ కోసం ఇంతదూరమా అని అమ్మ అంది. నాలుగు రకాలు పక్కపక్కన పెట్టుకుని చూసే వీలు నాకు ఇంకెక్కడా దొరకలేదు.

అదో పెద్ద స్పోర్ట్స్ షాపు, గోడంతా హెల్మెట్లే. మాకు చూపించిన కుర్రాడు తమిళంలో చెబుతుంటే పాత చిత్తూరు జిల్లా వాళ్లం గనక ఇబ్బంది లేకపోయింది. ముందు మా అబ్బాయి తల మీదే అన్నీ చేసి చూపించాడు. హెల్మెట్ అడ్డంగా, కనుబొమలకి రెండువేళ్ల పైన కూర్చోవాలి. వెనకున్న డయల్ బిగించి, గడ్డం కింద బకిల్ పెట్టకుండానే తల కిందికి వంచమన్నాడు, జారకూడదు. హెల్మెట్‌ని పట్టుకుని కదిపితే నుదుటి చర్మం కూడా దాంతోపాటు కదలాలి. చర్మం నిలిచి హెల్మెట్ ఒక్కటే తిరిగితే అది వదులు. పట్టీలు రెండూ చెవి తమ్మెకి కింద కలవాలి. బకిల్ పెట్టాక గడ్డం కింద ఒక వేలు దూరాలి. నోరు బాగా తెరిస్తే హెల్మెట్ కొంచెం కిందికి లాగినట్టు తెలియాలి. చివరగా అరచేత్తో ముందు అంచుని పైకి తోశాడు. వెనక్కి ఒరిగి నుదురు బయటపడితే పడ్డప్పుడు కూడా అదే జరుగుతుందన్నాడు. మా ఊరి దారుల్లో నేను చూసే హెల్మెట్లలో సగం ఈ చివరి పరీక్ష దగ్గరే ఆగిపోతాయి. నుదురు మొత్తం కనబడేలా వెనక్కి నెట్టి పెట్టుకుంటారు. ఎదురుగా పడితే మొదట నేలకి తగిలేది ఆ నుదురే.

నాకు రోడ్డు హెల్మెట్. అక్కడ ప్రదర్శనకి పెట్టిన రోడ్డు సైకిల్ ఎక్కి, వంపు హ్యాండిల్ కింది భాగం పట్టుకుని వంగి చూడనిచ్చాడు. ఇది నిలబడి అద్దంలో చూసుకుంటే తెలియని సంగతి. ముందు టోపీ అంచులాంటి వైజర్ ఉన్న హెల్మెట్‌తో వంగితే దారి కనబడలేదు, ఎదురుగా ఆ వైజరే కనిపించింది. చూడాలంటే మెడ విరుచుకోవాలి. రెండొందల కిలోమీటర్లు ఆ మెడతో పోలేం. వైజర్ లేనిది, వెనక పైకి కోసినది పెడితే మెడ హాయిగా లేచింది. తమ్ముడికి గాయం చేసిన ఆ పై కోతే నాకు ఇక్కడ అవసరమైంది. జడ సంగతి కూడా అక్కడే తేలింది. డయల్ పట్టీ కింది నుంచి వచ్చేలా జడ దించి వేసుకుంటే ఏ అడ్డూ లేదు. కొప్పు పెట్టుకుంటే ఏ హెల్మెటూ కూర్చోదు. గాలి కోసుకుపోయే ఏరో రకం కూడా పెట్టి చూశాను. దానికి రంధ్రాలు తక్కువ. ఏసీ గదిలో బాగానే ఉంది. రేణిగుంట రోడ్డు మీద ఏప్రిల్ ఎండ గుర్తొచ్చి పెట్టేశాను. 270 గ్రాములది, రంధ్రాలు ఎక్కువున్నది, 3,499కి తీసుకున్నా.

తమ్ముడికి మట్టి దారుల హెల్మెట్. పక్కపక్కన పెడితే తేడా కళ్లకి కట్టింది. వెనక మెడ మొదలయ్యే చోటు దాకా దిగి ఉంది, కణతలు కూడా ఎక్కువ కప్పుతుంది. వాడు అద్దానికి వీపు పెట్టి నిలబడితే, ఇంకో అద్దం పట్టుకుని చూపించాను. కుట్ల మచ్చ హెల్మెట్ లోపలికి పోయింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, వాడు చూడకుండా అటు తిరిగాను. ముందు వైజర్ ముళ్లకంపలనీ పొద్దుటి ఎండనీ ఆపుతుంది, ఆ సైకిల్ మీద నిటారుగా కూర్చుంటారు కాబట్టి చూపుకి అడ్డం రాదు. లోపల పసుపు రంగు పలచటి పొర ఒకటి ఉంది. దాన్ని మిప్స్ అంటారు, స్వీడన్‌లో పుట్టింది. చెయ్యి లోపల పెట్టి తిప్పితే ఆ పొర సెంటీమీటరు పైచిలుకు జరిగింది. మనం నిట్టనిలువునా పడం, ఏటవాలుగా పడతాం. అప్పుడు తల చటుక్కున తిరుగుతుంది. ఆ తిరుగుడు మెదడుకి తగలకుండా కొంత ఆ పొర జారుడులో పోతుంది. అమెరికాలో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018 నుంచి సైకిల్ హెల్మెట్లని ఇలాంటి ఏటవాలు దెబ్బలతోనే పరీక్షించి నక్షత్రాలు ఇస్తున్నారు. తమ్ముడు ఆ జాబితా ఫోన్‌లో తీసి మోడల్ పేరు సరిచూసుకున్నాడు. 5,999. అన్నిటికన్నా ఎక్కువ పెట్టింది దానికే, నేనే ఇచ్చాను.

గడ్డం కూడా మూసే ఫుల్ ఫేస్ హెల్మెట్ కూడా వాడు సరదాగా పెట్టుకున్నాడు. కొండ మీద నుంచి పడి దూసుకొచ్చే డౌన్‌హిల్ వాళ్లకి, గెంతేవాళ్లకి అది కావాలి. దానికి ఏఎస్‌టీఎం ఎఫ్ 1952 అని వేరే కొలమానం ఉంది. మా చెరువు కట్టలకి అంత అక్కర్లేదు. ఎక్కుడులో ఊపిరాడదు కూడా.

ఆఫీసుకి పోయే హెల్మెట్ ఇంకో జాతి. గుండ్రంగా, గట్టి ప్లాస్టిక్ చిప్పతో, నాలుగైదు రంధ్రాలతో ఉంటుంది. 410 గ్రాములు, వెనక డయల్‌లో చిన్న ఎర్ర లైటు, 2,299. రోజూ హ్యాండిల్‌కి తగిలిస్తాం, బల్ల కింద పెడతాం, గీతలు పడుతూనే ఉంటాయి. తేలికపాటి రోడ్డు హెల్మెట్ పైపొర ఆ రాపిడికి తొందరగా పాడవుతుంది. అయితే ఒక మాట ఖచ్చితంగా చెబుతా. డబ్బు ఒక్కదానికే ఉంటే రోడ్డు హెల్మెట్టే ఆఫీసుకీ చాలు, రెండూ కొననక్కర్లేదు. నేను కొన్నది సాయంత్రం చీకటిపడ్డాక వచ్చే మనిషిని గనక, ఆ లైటు కోసం. మట్టి దారికి మాత్రం రోడ్డు హెల్మెట్ చాలదు. అక్కడ రాజీ పడొద్దు.

మా అబ్బాయి తల 52 సెంటీమీటర్లు. "పెరుగుతాడు కదా, ఒక సైజు పెద్దది తీసుకుందాం" అన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఆ కుర్రాడు పెద్ద సైజు వాడి తలకి పెట్టి నుదుటి మీద వేలు ఆనించాడు, అంతే వెనక్కి పోయింది. 1,099కి సరిపోయే సైజే తీసుకున్నాం. పిల్లల హెల్మెట్లలో కొన్నిటికి ఆకుపచ్చ బకిల్ ఉంటుంది. అది ఈఎన్ 1080 అనే కొలమానం ప్రకారం చేసినది, చిన్న పిల్లల కోసం. హెల్మెట్‌తోనే చెట్టెక్కో జారుడుబల్ల ఎక్కో ఎక్కడైనా చిక్కుకుంటే మెడకి ఉరి పడకుండా ఆ బకిల్ దానంతటదే ఊడిపోతుంది. మేం తీసుకున్నది మామూలు 1078 బకిల్. అందుకే సైకిల్ దిగగానే హెల్మెట్ తీసేయాలని ఇంట్లో గట్టిగా చెప్పాం. మొదటి రోజే వాడి గడ్డం చర్మం బకిల్‌లో ఇరుక్కుని ఏడ్చాడు. ఆ తర్వాత వేలు అడ్డం పెట్టి బకిల్ వేయడం నేర్పాను. ఇంతకుముందు ఇది నాకెవరూ చెప్పలేదు.

నాలుగిటికీ కలిపి బిల్లు 12,896. బస్సులో వస్తూ తమ్ముడు తన హెల్మెట్‌ని ఒళ్లోనే పెట్టుకున్నాడు. ఊళ్లో దిగేసరికి రాత్రి తొమ్మిది.

మార్చి, ఏప్రిల్ వాడకంలో తెలిసినవి కొన్ని. బొట్టుకి ఏ ఇబ్బందీ లేదు, హెల్మెట్ దానికి పైనే ఆగుతుంది. పాపిట్లో పెట్టుకున్న కుంకుమ మాత్రం మధ్యాహ్నానికల్లా నుదుటి వైపు ప్యాడ్‌కి అంటుకుంటుంది. కొబ్బరినూనె అంతకన్నా పెద్ద సమస్య. ప్యాడ్లు నూనె పీల్చి, దుమ్ము పట్టి, రెండు వారాలకే వాసన వచ్చాయి. వాటిని ఊడదీసి తల రుద్దుకునే షాంపూతో ఉతికి నీడలో ఆరేస్తున్నా. చిప్పకి తడిగుడ్డ చాలు. పెట్రోలు, థిన్నరు లాంటివి థర్మోకోల్‌ని తినేస్తాయి, దగ్గరికి రానివ్వకూడదు. మా ఆయన కారు వెనక అద్దం కింద పెట్టబోతే ఆపాను. మన ఎండకి మూసిన కారు లోపలి వేడి ఆ జిగురుకీ నురగకీ మంచిది కాదు.

మే రెండో వారంలో మొక్కు. తమ్ముడే నాతో వచ్చాడు. కల్యాణకట్టలో డబ్బు కట్టేది లేదు, టోకెనూ బ్లేడు ముక్కా చేతికిస్తారు. నలభై నిమిషాలు కూర్చున్నాక నా వంతు వచ్చింది. నడుము దాటే జడ ఒడిలో పడుతుంటే బాధ అనిపించలేదు. తమ్ముడు నా ముందు నేల మీద కూర్చుని చూస్తున్నాడు, వాడు బాగున్నాడు, అది చాలనిపించింది. గంధం పూసుకుని దర్శనం చేసుకుని దిగాం.

తర్వాతి ఆదివారం రోడ్డు హెల్మెట్ పెట్టుకుంటే గుండు మీద బోర్లించిన గిన్నెలా గిర్రున తిరిగింది. డయల్ చివరిదాకా బిగించినా నుదుటి చర్మం కదలడం లేదు. టేపు తీసి చూస్తే 55కి వచ్చాను. జుట్టే సెంటీమీటరున్నర ఆక్రమించింది. ఎం సైజుకి అదే అన్నిటికన్నా కింది అంకె. వేరే హెల్మెట్ కొనాలేమోనని దిగులు పడ్డాను. డబ్బాలో వాడకుండా పెట్టిన లావు ప్యాడ్ల జత గుర్తొచ్చింది. పలచటివి తీసి అవి అంటించి, పట్టీలు కూడా చెవి కింద మళ్లీ కలిసేలా పైకి జరిపాను. అప్పుడు చర్మం కదిలింది. మొక్కు ఉన్నవాళ్లు, జుట్టు బాగా పొట్టిగా కత్తిరించుకోబోయేవాళ్లు ఆ డబ్బా పారేయకండి. సైజు హద్దులో కింది అంకెకి దగ్గరగా ఉంటే ఒక సైజు చిన్నదాని మీద కూడా ఓ కన్ను వేయండి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు. గుండు మీద రంధ్రాల హెల్మెట్ పెట్టుకుని మే ఎండలో చంద్రగిరి పోయి రెండు గంటల్లో తిరిగొచ్చా. సాయంత్రానికి తల మీద రంధ్రాల ఆకారంలో ఎర్రటి చారలు. ముట్టుకుంటే మంట, రాత్రి దిండు మీద తల ఆనించలేకపోయాను. ఎండ క్రీము పూస్తే చెమటకి కారి కళ్లలోకి వచ్చింది. చివరికి పనికొచ్చింది పలచటి నూలు టోపీ. హెల్మెట్ కింద పెట్టుకునే రకం, 199 రూపాయలు. కుట్టు మందంగా ఉన్న టోపీ పెడితే హెల్మెట్ పైకి లేస్తుంది, కాబట్టి కుట్టు లేనిదో సన్నగా ఉన్నదో చూసుకోవాలి. తడిపి పిండి పెట్టుకుంటే రేణిగుంట దాకా చల్లగా ఉంటుంది. రంధ్రాలు తక్కువున్న ఆఫీసు హెల్మెట్‌తో ఈ చారల బాధ లేదు.

ఇప్పుడు జుట్టు వేలి మందాన వచ్చింది. జుట్టు పెరిగేకొద్దీ డయల్ ఒక్కో టక్కు వెనక్కి తిప్పుతున్నా. లావు ప్యాడ్లు తీసేసి మళ్లీ పలచటివి పెట్టాను. నూనెకి పాడైన ఆ పలచటి జతకి బదులు కొత్తవి తెప్పించాలంటే చెన్నై షాపు వాళ్లు 299 అన్నారు, స్టాకు లేదు, మూడు వారాలు ఆగమన్నారు. రెండు జతలకి డబ్బు కట్టాను. ఒకటి తమ్ముడికి, వాడి వాటికి కూడా వాసన వస్తోంది.